గూడబాతుకూ మదనికకూ ఒకే కెమెరానా?

ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కెమెరా కొనాలనుకోగానే రెండు వైపుల నుంచీ సలహాలు మొదలవుతాయి. పిల్లలు "కొనేదేదో పెద్దదే కొనండి" అంటారు. ఇరుగుపొరుగువాళ్ళు "చేతిలో ఫోనుండగా ఈ వయసులో ఇదంతా దేనికండీ" అంటారు. దేన్ని ఫొటో తీస్తారు, ఎవరు మోస్తారు అని మాత్రం ఎవరూ అడగరు.

రాజమండ్రిలో ఉండే మా మావయ్య, అత్తయ్యల సంగతే చూద్దాం. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన మావయ్యకు పక్షుల పిచ్చి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టే కాలమొస్తే ఇంట్లో నిలవరు. హైస్కూల్లో తెలుగు చెప్పిన అత్తయ్యకు గుళ్ళు కావాలి. దేవుడి కోసం కొంత, రాతిపని కోసం ఎక్కువ. పాలంపేట రామప్ప గుడి, లేపాక్షి, హంపి ఆవిడ జాబితాలో ముందున్నాయి. న్యూజెర్సీలో ఉన్న కొడుకు పంపిన జాబితాలోనేమో నికాన్ డి850 కెమెరా, 24–70, 70–200 లెన్సులు ఉన్నాయి. మూడూ మేలైనవే. మూడూ కలిపి మూడున్నర కిలోలు.

"ఏమండీ, మెట్లెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుంటారా, దాన్ని పట్టుకుంటారా?" అన్నారు అత్తయ్య.

కొడుకు చెప్పింది తప్పని అనలేం. పెద్ద కెమెరా మంచి బొమ్మ ఇస్తుందన్నది నిజమే. ఎందుకిస్తుందో తెలిస్తే, దాన్ని ఎక్కడ వదులుకోవచ్చో, ఎక్కడ వదులుకోకూడదో కూడా తెలుస్తుంది.

వెలుతురు లెక్క

డిజిటల్ కెమెరా పని కాంతిని లెక్కపెట్టడం. వెలుగు ఫోటాన్లుగా వచ్చి సెన్సర్‌లోని సిలికాన్ మీద పడి, అక్కడి ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది. ఒక్కో గడిలో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగయ్యాయో కొలిస్తే అదే బొమ్మ. 1969లో బెల్ ల్యాబ్స్‌లో విలార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీతో ఈ కథ మొదలైంది. దానికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం దక్కింది. ఇప్పటి కెమెరాల్లో, ఫోన్లలో ఉండేది తర్వాతి తరానికి చెందిన సీమాస్ సెన్సర్. 1990లలో నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో ఎరిక్ ఫోసమ్ బృందం చేసిన పని దానికి పునాది.

ఫోటాన్లు సమానంగా పంచినట్టు రావు. సిమెంటు గచ్చు మీద తొలి చినుకులు పడేటప్పుడు చూడండి, ఒక పలక మీద ఐదు చుక్కలుంటే పక్క పలక మీద పదకొండు ఉంటాయి. జోరువాన కురిశాక ఆ తేడా కంటికి ఆనదు. మసక వెలుతురులో తీసిన ఫొటోలో ఇసుక చల్లినట్టు కనిపించే రవ్వ ఆ తొలి చినుకుల తేడా లాంటిదే. ఎన్ని ఫోటాన్లు పడతాయో ఆ సంఖ్యకు వర్గమూలమంత తేడా సహజంగానే ఉంటుంది. 10,000 ఫోటాన్లు పడే చోట తేడా 100, అంటే ఒక శాతం. 100 ఫోటాన్లే పడితే తేడా 10, అంటే పది శాతం. ఇది కాంతి స్వభావం కాబట్టి ఎంత ఖరీదైన కెమెరా అయినా దీన్ని తప్పించలేదు. పైగా ఇప్పటి సెన్సర్లు తమ మీద పడిన ఫోటాన్లలో సగానికి పైగా లెక్కలోకి తెస్తున్నాయి. అక్కడ ఇంకా మిగిలిన మెరుగు కొద్దే. అందుకే ఐదారేళ్ళ నాటి మోడలైనా పరవాలేదని, దొరికితే సెకండ్ హ్యాండ్‌ కూడా తీసుకోవచ్చని నేనంటాను.

రవ్వ తగ్గించడానికి దారులు మూడు. పెద్ద గాజు పెట్టి ఎక్కువ కాంతిని లోపలికి తేవచ్చు, ఆ బరువు మెడ మోయాలి. షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచవచ్చు, అంతసేపూ చెయ్యి కదలకూడదు. వరసగా చాలా ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి కలపవచ్చు, అందుకు ఎదుటి వస్తువు కదలకూడదు. ఫోన్లు నమ్ముకున్నది ఈ మూడో దారినే.

పెద్ద సెన్సర్ అంటే ఎంత పెద్దదో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. ఏపీఎస్-సీ దాదాపు 366. మైక్రో ఫోర్ థర్డ్స్ 225. 'ఒక అంగుళం' అని అమ్మేది 116 మాత్రమే (అంగుళం పాత టీవీ కెమెరా గొట్టాల లెక్క, కొలిస్తే ఏ వైపూ అంగుళం ఉండదు). చవక జూమ్ కెమెరాల్లో ఉండేది 28. మంచి ఫోన్లలో ప్రధాన కెమెరాకు సాధారణంగా 70 దాకా ఉంటుంది. అంటే పెద్ద జూమ్ ఉందని మురిపించే చాలా కెమెరాల సెన్సర్ జేబులోని ఫోను సెన్సర్ కన్నా చిన్నది. దుకాణంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అమ్మేవాళ్ళు తమంతట తాము చెప్పే అంకె కూడా ఇది కాదు.

వాళ్ళు చెప్పేది మెగాపిక్సెళ్ళు. 1975లో కోడాక్ ఇంజనీరు స్టీవెన్ సాసన్ కట్టిన తొలి డిజిటల్ కెమెరాలో ఉన్నది 0.01 మెగాపిక్సెల్. ఒక బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. బరువు మూడున్నర కిలోలకు కాస్త ఎక్కువ, కొడుకు పంపిన జాబితాకు దాదాపు సమానం! ఆ రోజుల్లో మెగాపిక్సెల్ పెద్ద విషయమే. ఇప్పుడు 4కే టీవీ నిండా కనిపించే బొమ్మకు 8.3 మెగాపిక్సెళ్ళు చాలు. ఏ3 కాగితం మీద దగ్గర నుంచి చూసేంత నాణ్యంగా అచ్చు వేయించడానికి పదిహేడున్నర సరిపోతాయి. ఇరవై ఉన్న కెమెరా దొరికాక ఆ అంకెను మర్చిపోవచ్చు.

గూడబాతు దూరం

గట్టు మీద నిలబడ్డ మావయ్యకు గూడబాతు వంద మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఫోను ప్రధాన కెమెరా అంత దూరంలో దాదాపు 150 మీటర్ల వెడల్పు దృశ్యాన్ని పట్టుకుంటుంది. ఆ వెడల్పును 4,000 గడులు పంచుకుంటే, 1.4 మీటర్ల పక్షి వంతుకు వచ్చేవి 40 లోపే. ముక్కుకు కొన్ని, కంటికి ఏమీ మిగలదు. అదే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 600 మిల్లీమీటర్లకు సమానమైన లెన్సయితే పట్టుకునే వెడల్పు 6 మీటర్లు. ఇరవై మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఆ పక్షి 1,270 గడుల మేర పరుచుకుంటుంది. ఫోన్లో వేళ్ళతో సాగదీస్తే బొమ్మ పెద్దదవుతుంది కానీ సమాచారం పెరగదు.

దూరపు పక్షికి ఫోను చాలదన్నది తేలింది. మరి ఏది చాలుతుంది? ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 600 మిల్లీమీటర్ల ఎఫ్4 లెన్సు కాంతిని లోపలికి తీసుకునే రంధ్రం (ఎపర్చర్) 150 మిల్లీమీటర్లు. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే వచ్చేది అదే. అంత వెడల్పు గాజు ఉన్న లెన్సు ఒక్కటే మూడు కిలోలు తూగుతుంది. 2017లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4 లాంటి ఒక అంగుళం సెన్సర్ కెమెరా అదే కోణాన్ని 220 మిల్లీమీటర్ల అసలు ఫోకల్ లెంగ్త్‌తో, ఎఫ్4 దగ్గరే ఇస్తుంది. రంధ్రం 55 మిల్లీమీటర్లు, కెమెరా మొత్తం 1,095 గ్రాములు. లోపలికి వచ్చే కాంతి ఏడో వంతుకు పడిపోతుంది. ఆటపాకలో పొద్దున ఎనిమిదింటికి ఎండ బాగా ఉంటుంది కాబట్టి ఏడో వంతైనా చాలినంత. తెల్లవారకముందు, చీకటి పడ్డాక మాత్రం ఆ లోటు తెలుస్తుంది. దానికి సిద్ధపడితే రెండు కిలోలు, బోలెడు డబ్బు మిగులుతాయి.

అంతకన్నా చౌకగా ఇంకా దూరం చూపించే కెమెరాలున్నాయి కదా అని మావయ్య అడిగారు. ఉన్నాయి. 2018 నాటి నికాన్ పీ1000 ఏకంగా 3,000 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్ ఇస్తుంది. అక్కడ కాంతి తరంగ స్వభావం అడ్డొస్తుంది. రంధ్రం గుండా వచ్చిన కాంతి బిందువుగా కాక చిన్న బిళ్ళగా పరుచుకుంటుంది. ఎఫ్8 దగ్గర ఆ బిళ్ళ వ్యాసం పదకొండు మైక్రాన్ల లోపు. ఆ కెమెరాలో ఒక్కో గడి వెడల్పు 1.34 మైక్రాన్లు. ఒక్క బిందువే ఎనిమిది గడుల మేర అలుక్కుపోతే ఈకల వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? చందమామను చూడటానికి సరదాగా ఉంటుంది, అంతే. ఇంకో సంగతి, పది దాటాక ఎండకు నీటి మీద, పొలాల మీద గాలి మరిగినట్టు కదులుతుంది. దూరపు పక్షి ఆ గాలి గుండా కనిపిస్తుంది కాబట్టి ఎంత లెన్సు పెట్టినా వణుకుతున్న బొమ్మే వస్తుంది. దానికి పరిష్కారం పెందలాడే బయలుదేరడం, లేదా దగ్గరికి వెళ్ళడం.

గుడిలోని మసక

అత్తయ్య అవసరం దీనికి తలకిందులు. వస్తువు పది అడుగుల్లోనే ఉంటుంది, వెలుతురే ఉండదు. 1213 నాటి రామప్ప గుడి మండపంలో స్తంభాల మీద చెక్కడం ఎంత సన్నగా ఉంటుందో చూసినవాళ్ళకు తెలుసు. ఫ్లాష్ వేస్తే చెక్కడం లోతంతా చదునైపోతుంది. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి కావాలి. ఇక మిగిలింది పెద్ద ఎపర్చర్ ఉన్న చిన్న లెన్సు, కెమెరా లోపలి స్థిరీకరణ.

మన చేతులకు ఎవరికైనా సెకనుకు 8 నుంచి 12 సార్లు చిన్నగా వణికే గుణం ఉంటుంది. వయసుతో అది కాస్త పైకి తేలుతుంది. కెమెరాలోని గైరో సెన్సర్లు ఆ కదలికను పసిగట్టి, దానికి ఎదురు దిశలో సెన్సర్‌నో లెన్సులోని ఒక గాజునో జరుపుతాయి. తయారీదారులు చెప్పే నాలుగున్నర 'స్టాప్'లంటే (ఒక్కో స్టాప్‌కు రెట్టింపు) లెక్క ప్రకారం ఇరవై రెట్లకు పైగా ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచగలగడం. వాడుకలో సగం నమ్మండి. ముప్పయ్యో వంతు సెకను చోట ఎనిమిదో వంతు, నాలుగో వంతు సెకనుకు భయం లేకుండా వెళ్ళొచ్చు. ఎనిమిది రెట్లు కాంతి అంటే తక్కువేమీ కాదు.

ఫోను ఇక్కడ గట్టి పోటీ ఇస్తుంది. మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్ విస్తీర్ణం మంచి ఫోను సెన్సర్ కన్నా మూడు రెట్లే ఎక్కువ. ఫోను నైట్ మోడ్‌లో వరసగా తీసిన ఫ్రేములను కలిపి ఆ తేడాను పూడ్చేస్తుంది. రాయి కదలదు కాబట్టి కలపడం సులువు. పక్కింటివాళ్ళ మాటలో నిజముంది, కదలని శిల్పాన్ని టీవీలో చూసుకోవడానికి ఫోను చాలు. అదే మండపంలో ఓ అమ్మాయి కూచిపూడి అడుగు వేస్తే కథ మారుతుంది. కాలు ఆగినట్టు కనిపించాలంటే షట్టర్ సెకనులో 250వ వంతులో మూసుకోవాలి. చేతి వణుకును ఆపే స్థిరీకరణ ఆమె కాలిని ఆపలేదు, ఫ్రేములు కలిపే లెక్కకూ ఆమె అందదు. అక్కడ పనికొచ్చేది పెద్ద సెన్సరూ పెద్ద ఎపర్చరే.

వెలుగునీడల సమస్య ఇంకొకటుంది. కెమెరాలోని మీటరు చూసినదాన్నంతా మధ్యరకం బూడిద రంగు అనుకుంటుంది. రామప్ప చూరు కింది నల్లరాతి మదనిక శిల్పాలను ఫ్రేము నిండా తీస్తే అవి నలుపు పోయి బూడిదవుతాయి, కాంతి తగ్గించమని ఎక్స్‌పోజర్ మీటను మైనస్ వైపు తిప్పాలి. అదే మదనిక వెనక ఆకాశం తెల్లగా కనిపిస్తుంటే మీటరు ఆకాశానికి లొంగి శిల్పాన్ని మసిబొమ్మ చేస్తుంది, ప్లస్ వైపు తిప్పాలి. ఆకాశం ముందు ఎగిరే మావయ్య గూడబాతుకూ ప్లస్సే. అందుకే ఆ మీట మెనూల్లో దాక్కోకుండా బొటనవేలికి అందే కెమెరా కావాలి. రా ఫైల్‌లో తీసుకుంటే పొరపాటును ఇంటికొచ్చాక కొంత దిద్దుకోవచ్చు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే, 12 బిట్ల రా ఫైల్‌లో 4,096 ఉంటాయి.

కళ్ళు, వేళ్ళు, మెడ

కెమెరా సమీక్షలు రాసేవాళ్ళు ఎక్కువగా ముప్పైల్లో ఉంటారేమో, కొనేవాళ్ళ కళ్ళ గురించి ఒక్క ముక్క రాయరు. కాంతి దారిలో ఆఖరి లెన్సు ఫొటో తీసేవారి కన్ను.

చత్వారం వచ్చాక కంటి కటకం దగ్గరి వస్తువు కోసం ఉబ్బలేదు. అరవై దాటేసరికి ఆ శక్తి దాదాపు పోతుంది. కెమెరా వెనక తెర చూడాలంటే చదివే అద్దాలు, ఎదుటి దృశ్యం చూడాలంటే దూరపు అద్దాలు. ప్రతి ఫొటోకూ ఈ మార్పిడి ఎవరు చేస్తారు? వ్యూఫైండర్‌లో అయితే చిన్న లెన్సు తెరను మీటరుకు అటూఇటూ దూరంలో ఉన్నట్టు చూపిస్తుంది. పక్కనుండే డయాప్టర్ చక్రం తిప్పి కంటికి సరిపెట్టుకుంటే అద్దాలు లేకుండానే అక్షరాలు స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో వెనక తెర వెలవెలబోతుంది, వ్యూఫైండర్‌కు ఆ బాధ లేదు. పైగా కెమెరా నొసటికి ఆనుతుంది, మోచేతులు పక్కటెముకలకు ఆనుతాయి, వణుకు సగం అక్కడే తగ్గుతుంది. అరవై దాటినవాళ్ళు వ్యూఫైండర్ లేని కెమెరాను ఎంత చవకగా వచ్చినా కొనకూడదని నా అభిప్రాయం. దుకాణంలో డయాప్టర్ చక్రం తిప్పి, మీ కన్ను ఆ పరిధిలోకి వస్తుందో లేదో అక్కడే చూసుకోండి. కొందరికి రాదు.

అద్దాలు పెట్టుకునే చూస్తామంటే వ్యూఫైండర్ అంచుల దాకా కనిపిస్తుందో లేదో కూడా చూసుకోవాలి.

శుక్లాల సంగతి మరీ విచిత్రం. వయసుతో కంటి కటకం పసుపెక్కి నీలి కాంతిని వడగడుతుంది. చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్నాక రంగులు నీలంగా తోచి తికమకపడ్డాడు. మావయ్యకు ఒక కంటికే ఆపరేషన్ అయింది. ఆ కంటికి తెల్లగా కనిపించే గూడబాతు రెండో కంటికి లేత పసుపు. తెర మీద రంగులు దిద్దేటప్పుడు ఏ కన్ను మాట వినాలి? ఆపరేషనైన కన్ను మాటే. తటపటాయింపుగా ఉంటే కెమెరా ఎంచుకున్న రంగును అలాగే వదిలేయడం మేలు.

కంటిపాప కూడా కుదించుకుపోతుంది. ఇరవైల్లో చీకట్లో 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకునేది, డెబ్బైల్లో 5 దాటడం కష్టం. కంటిలోకి వచ్చే కాంతి సగానికి పడిపోతుంది. గుడి మసకలో అత్తయ్యకు కనిపించని చెక్కడాన్ని ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ వెలుగు పెంచి చూపిస్తుంది. పాత అద్దపు డీఎస్ఎల్ఆర్ ఆ పని చేయలేదు.

అద్దం తీసేయడం వల్ల బరువూ తగ్గింది. 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంటులో లెన్సు అంచు నుంచి ఫిల్ము దాకా 46.5 మిల్లీమీటర్లు ఉండాలి, మధ్యలో అద్దం లేచి పడాలి గనక. అద్దం లేని జెడ్ మౌంటులో అది 16. ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్న నికాన్ జెడ్50కి 16–50, 50–250 లెన్సులు రెండూ తోడైనా 990 గ్రాములే.

చిన్న కెమెరా అన్నివేళలా సుఖమని కాదు. కీళ్ళు బిగుసుకున్న వేళ్ళకు బియ్యపుగింజలంత బటన్లు నరకం. బరువును అరచేతితో పట్టుకునే గట్టి గ్రిప్ ఉంటే కిలో కెమెరా కూడా అర కిలో సబ్బుబిళ్ళ కెమెరా కన్నా హాయిగా ఉంటుంది. మెడలో వేలాడదీసే పట్టీ బదులు ఒక భుజం మీదుగా నడుము పక్కకు వచ్చే పట్టీ కొనాలి. మెడనొప్పి ఉన్న అత్తయ్యకు మడతపడే తెర అక్షరాలా వైద్యం. చూరు కింది మదనిక కోసం తలెత్తి నిలబడక్కర్లేదు, తెరను పైకి వంచి పొట్ట దగ్గర పెట్టుకుని చూడొచ్చు.

ఇద్దరూ చివరకు రెండు కెమెరాలకే మొగ్గారు. మావయ్యకు ఒక అంగుళం సెన్సర్, 24–600 జూమ్. లెన్సు మార్చే పని లేదు కాబట్టి ఆటపాక గట్టు దుమ్ము సెన్సర్ మీదికి చేరే భయమూ తక్కువ. అత్తయ్యకు ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 4, ఎఫ్1.8 ఎపర్చర్ ఉన్న 17 మిల్లీమీటర్ల లెన్సు, తోడుగా 14–42 జూమ్. ఆవిడ సంచి 600 గ్రాములకు లోపు, ఆయన సంచి కిలోకు కాస్త పైన. రెండూ కలిపినా కొడుకు జాబితాలో సగమే, అదీ రెండు భుజాల మీద. ఇదే మోడల్ అందరూ కొనాలని కాదు. ఇద్దరికీ ఒకటే ఇష్టమైతే ఒక కెమెరా చాలు, ఒకరి భుజానికి విశ్రాంతి. కొడుకు మాత్రం ఫుల్ ఫ్రేమ్ అయితే బాగుండేదని ఇప్పటికీ అంటాడు. రాత్రి ఆకాశం ఫొటోలు తీసేవాళ్ళకు అతని మాటే సరైనది.

ఇక ప్రయాణానికి చిల్లర సంగతులు. అద్దం లేని కెమెరాలో తెర ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది గనక బ్యాటరీ మూడు నాలుగు వందల ఫొటోలకు అయిపోతుంది, ఇంకొకటి వెంట ఉండాలి. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టాలి, లగేజీలో వేయకూడదు. లడఖ్ లాంటి చలిచోటుకు వెళ్తే వాటిని లోపలి జేబులో ఉంచుకోవాలి, చలికి రసాయన చర్య మందగించి సగంలోనే అయిపోయినట్టు చూపిస్తాయి.

గోదావరి జిల్లాల్లో వానాకాలం లెన్సు గాజు మీద బూజు సాలెగూడులా పాకుతుంది, గాజు పూతను తినేస్తుంది. కెమెరాను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం కన్నా, గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టడం మంచిది. రంగు మారే రకం కొంటే, మారినప్పుడల్లా వేడిచేసి మళ్ళీ వాడుకోవచ్చు. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడ్డ కెమెరాను తెల్లవారుజామున ఉక్కపోతలోకి తీస్తే గాజు మీద, కొన్నిసార్లు లోపల కూడా, ఆవిరి చేరుతుంది. గదిలోనే జిప్ సంచిలో మూసి, బయట అరగంట వరకు తెరవకుండా ఉంచితే తేమ సంచి మీదే ఆగిపోతుంది. కైకలూరులో ఆ అరగంటకు టీ కొట్టు దొరుకుతుంది.